తీరం దాటని తుఫానులు

సూర్యుడికి దూరం జరిగేకొద్దీ గాలులు నెమ్మదించాలి. వాతావరణాన్ని కదిలించేది సూర్యుడి వేడే అని బడిలో చదువుకున్న ఎవరికైనా సహజంగా తోచే లెక్క ఇది. సౌర కుటుంబంలో మాత్రం ఈ లెక్క తలకిందులైంది. భూమికి అందే ఎండలో దాదాపు 900వ వంతు మాత్రమే దక్కే నెప్ట్యూన్ మీద మేఘాలు గంటకు రెండు వేల కిలోమీటర్ల వేగంతో పరుగెడుతున్నట్టు 1989 ఆగస్టులో వాయేజర్-2 అంతరిక్ష నౌక పంపిన చిత్రాల్లో తేలింది. 2014 అక్టోబరులో విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన హుద్‌హుద్ తీరాన్ని తాకినప్పుడు గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. అంతకు పది రెట్లకు పైగా వేగం నెప్ట్యూన్ మీద మామూలు వాతావరణమే.

శక్తి లెక్క వేస్తే వింత ఇంకా పెరుగుతుంది. భూమి ప్రతి చదరపు మీటరుకూ సగటున 240 వాట్ల సౌరశక్తిని గ్రహిస్తుంది. నెప్ట్యూన్ గ్రహించే ఎండనూ, దాని గర్భం నుంచి పైకి వచ్చే వేడినీ కలిపినా చదరపు మీటరుకు ఒక వాట్ కూడా కాదు. ఇంత పేద గ్రహానికి అంత గాలి ఎక్కడిది?

గాలిని తోస్తున్నది ఏమిటి అని అడిగినంత కాలం దీనికి జవాబు దొరకదు. దాన్ని ఆపుతున్నది ఏమిటి అని అడగాలి. బొంగరం ఎంతసేపు తిరుగుతుందన్నది దాన్ని విసిరిన చేతి బలం మీద కన్నా ములికి కింద ఉన్న నేల నునుపు మీద ఎక్కువ ఆధారపడుతుంది. మహా గ్రహాల వాతావరణం మీద గత అర్ధ శతాబ్దంలో సాగిన పరిశోధనలో చాలా భాగాన్ని ఈ ఒక్క ప్రశ్న చుట్టూ పేర్చవచ్చు.

నేల లేని చోట గాలి

బంగాళాఖాతంలో పుట్టిన తుఫాను తీరం దాటిందన్న వార్త వెనకే, అది వాయుగుండంగా, ఆపై అల్పపీడనంగా బలహీనపడిందన్న వార్త కూడా వస్తుంది. కారణాలు రెండు. వెచ్చని సముద్రం నుంచి అందే తేమ ఆగిపోతుంది. కొండలు, చెట్లు, ఇళ్ళు గాలికి అడ్డుపడి దాని వేగాన్ని తినేస్తాయి. నిజానికి తుఫానుకే కాదు, భూమి మీద వీచే ప్రతి గాలికీ నేలే ప్రధానమైన బ్రేకు. సూర్యుడి నుంచి వచ్చే శక్తిలో గాలిగా మారేది కొద్ది భాగం. అది కూడా కొన్ని రోజుల్లోనే ఘర్షణలో కరిగి మళ్ళీ వేడిగా మారిపోతుంది.

గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్‌లకు నేల లేదు. పైన కనిపించే మేఘాల కింద హైడ్రోజన్, హీలియం వాయువులు లోతుకు వెళ్ళేకొద్దీ చిక్కబడుతూ, ఎక్కడా గీత గీసినట్టు కాకుండా నెమ్మదిగా ద్రవంలాంటి స్థితికి మారిపోతాయి. కాలు మోపే చోటు గానీ, గాలి తగిలి ఆగే కొండ గానీ లేవు. ఈ లోకాల్లో ఏ తుఫానూ తీరం దాటదు.

నేల లేకపోవడానికి తోడు మరో రెండు విషయాలు ఈ గ్రహాలను వేరు చేస్తాయి. ఒకటి భ్రమణం. భూమి కన్నా 11 రెట్లు వెడల్పైన గురుగ్రహం పది గంటలు నిండకుండానే, 9 గంటల 55 నిమిషాల్లో, తన చుట్టూ తాను తిరిగేస్తుంది. దాని మధ్యరేఖ దగ్గర ఆ వేగం సెకనుకు 12 కిలోమీటర్లకు పైనే. రెండోది లోపలి వేడి. భూగర్భం నుంచి మనకు వచ్చే వేడి చదరపు మీటరుకు పదో వంతు వాట్ కూడా లేదు, కాబట్టి వాతావరణం లెక్కల్లో దాన్ని వదిలేయవచ్చు. గురుగ్రహం సంగతి వేరు. పుట్టినప్పుడు కుంచించుకుపోతూ లోపల దాచుకున్న వేడిని అది ఇప్పటికీ వదులుతోంది. కసీని నౌక అటుగా వెళ్తూ సేకరించిన కొలతలను విశ్లేషించి 2018లో ప్రకటించిన లెక్క ప్రకారం ఆ వేడి చదరపు మీటరుకు దాదాపు ఏడున్నర వాట్లు. గ్రహించే ఎండకు రెట్టింపు శక్తిని గురుడు బయటికి పంపుతున్నాడన్నమాట. శని, నెప్ట్యూన్ కూడా తాము గ్రహించే దానికన్నా బాగా ఎక్కువే విడుదల చేస్తాయి. శని లోపల హీలియం బిందువులుగా విడిపోయి లోతుకు కురుస్తోందనీ, ఆ పతనంలో పుట్టే వేడి కూడా ఇందులో కలుస్తోందనీ శాస్త్రవేత్తల భావన.

కింద నుంచి వేడెక్కే ద్రవం ఊరికే ఉండదు. వేడి భాగం పైకి, చల్లని భాగం కిందికి కదులుతాయి. ఈ సంవహనం వల్ల చిన్నా పెద్దా సుడులు పుడతాయి. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

సుడుల నుంచి చారలు

మామూలు బకెట్ నీళ్ళలో పెద్ద సుడి చిన్న సుడులుగా, అవి ఇంకా చిన్నవిగా విడిపోయి చివరికి సద్దుమణుగుతాయి. వేగంగా తిరిగే గ్రహం మీద ద్రవం ఇందుకు విరుద్ధంగా ప్రవర్తిస్తుంది. భ్రమణం వల్ల పుట్టి, కదిలేదాన్ని పక్కకు మళ్ళించే కోరియాలిస్ ప్రభావం కదలికను దాదాపు సమతలానికి కట్టడి చేస్తుంది. అలాంటి చోట చిన్న సుడులు ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవవుతాయి. శక్తి చిన్న కొలత నుంచి పెద్ద కొలతకు ఎగబాకుతుంది.

ఇది ఊహాగానం కాదు, దుర్భిణిలోంచి చూసిన ఉదంతం ఉంది. గురుగ్రహం దక్షిణార్ధంలో 1939, 1940 ప్రాంతంలో మూడు తెల్లని అండాకార మచ్చలు ఏర్పడ్డాయి. సుమారు అరవై ఏళ్ళు విడివిడిగా తిరిగి, 1998లో రెండు కలిసిపోయాయి. 2000లో మూడోది కూడా వాటితో కలిసి ఒకే మచ్చ మిగిలింది. మరో ఐదారేళ్ళకు ఆ మచ్చ ఎర్రబడింది కూడా.

ఇలా కలుస్తూ పోతే చివరికి గ్రహమంతా ఒకే సుడి కావాలి కదా? కాదు. కోరియాలిస్ ప్రభావం అన్ని అక్షాంశాల దగ్గర ఒకేలా ఉండదు. ధ్రువాల వైపు పెరుగుతుంది, మధ్యరేఖ దగ్గర సున్నా అవుతుంది. ఒక హద్దు దాటి పెరిగిన సుడిలో ఉత్తరపు అంచుకూ దక్షిణపు అంచుకూ ఈ తేడా ఎక్కువైపోయి, అది ఆ దిశలో ఇక సాగలేదు. తూర్పు పడమరలకు అలాంటి అడ్డు లేదు. అందువల్ల శక్తి ఆ దిశలోకి మళ్ళి, గ్రహం చుట్టూ చారల్లాంటి వాయుప్రవాహాలుగా మారుతుంది. సముద్ర శాస్త్రవేత్త పీటర్ రైన్స్ 1975లో చెప్పిన సూత్రం సారాంశం ఇదే. సముద్రాలను దృష్టిలో పెట్టుకుని చెప్పిన ఆ మాట గురుగ్రహానికి మరింత బాగా నప్పింది. భూమికి ఒక్కో అర్ధగోళంలో ఒకటో రెండో జెట్ ప్రవాహాలు ఉంటే, గురుడికి తూర్పుకు వీచేవే అరడజనుకు తక్కువ కాకుండా ఉన్నాయి. వాటి మధ్య పడమరకు వీచేవి మరికొన్ని. చిన్న దుర్భిణిలో సైతం కనిపించే లేత, ముదురు పట్టీలకు హద్దులు ఈ గాలులే.

కసీని 2000 డిసెంబరులో గురుగ్రహాన్ని దాటి వెళ్తూ తీసిన చిత్రాల్లో వేలాది మేఘపు తునకల కదలికలను కొలిచి చూస్తే, సుడులు నిజంగానే జెట్ ప్రవాహాలకు వేగాన్ని అందిస్తున్నట్టు తేలింది. మామూలుగా సుడులు ప్రవాహం నుంచి శక్తిని గుంజుకుంటాయి, ఇక్కడ ప్రవాహానికే అప్పగిస్తున్నాయి. అలా నిత్యం జమ అవుతున్నా జెట్‌ల వేగం దశాబ్దాలుగా దాదాపు మారలేదు. అంటే ఎక్కడో ఖర్చు కూడా జరుగుతూ ఉండాలి. నేల లేని ఈ గ్రహంలో ఏదో ఒక బ్రేకు ఉండి తీరాలి. అది ఎక్కడ ఉంది అన్నదాని మీదే నలభై ఏళ్ళ వాదం నడిచింది.

పైపైనా, లోతునా?

ఒక వర్గం వాతావరణ శాస్త్రం నుంచి వచ్చింది. వారి దృష్టిలో జెట్‌లు మేఘాల మందం మేరకే పరిమితమైన పలుచని పొర. భూమి వాతావరణానికి వాడే గణిత నమూనాలనే గురుడికి సర్ది, చారలు ఏర్పడటాన్ని గారెత్ విలియమ్స్ 1978లో చూపించాడు. ఎండ, తేమ, మెరుపు తుఫానులు చాలు, లోతుకు పోనక్కర లేదన్నది ఈ వాదం. ద్రవగతి శాస్త్రం నుంచి వచ్చిన రెండో వర్గం మరోలా చూసింది. వేగంగా తిరిగే ద్రవంలో కదలిక భ్రమణాక్షానికి సమాంతరంగా నిలువు స్తంభాలుగా అమరుతుందని జి.ఐ. టేలర్ 1920లలోనే ప్రయోగంలో చూపాడు. దాన్ని పట్టుకుని ఫ్రెడరిక్ బుస్సె 1976లో, గురుడి చారలు గ్రహం లోపల నిలిచిన పెద్ద స్తంభాల పైకొనలు మాత్రమే కావచ్చన్నాడు.

మొదటి సాక్ష్యం 1995 డిసెంబరు 7న దొరికింది. గెలీలియో నౌక వదిలిన చిన్న శోధక యంత్రం గురుడి మేఘాల్లోకి దూకి గంటకు కాస్త తక్కువసేపు సమాచారం పంపింది. కిందికి దిగేకొద్దీ గాలి తగ్గలేదు. సెకనుకు 170 మీటర్లకు పెరిగి, ఎండ చేరలేని లోతులోనూ అలాగే నిలిచింది. మన వాయుపీడనానికి 22 రెట్లు ఉన్న చోటి వరకు ఆ కబురు అందింది. లోతు వాదులు సంబరపడ్డారు గానీ, ఆ యంత్రం దిగింది ఒకే ఒక్క చోట, అది కూడా మేఘాలు పలచబడి పొడిబారిన ఒక అసాధారణ ప్రదేశంలో. పైగా అది చూసిన లోతు సుమారు 150 కిలోమీటర్లు. 71 వేల కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న గ్రహానికి అది చర్మం మీద గీత.

జూనో నౌక ఈ ప్రశ్నను మేఘాల్లోకి దిగకుండానే తేల్చింది. 2016 జులైలో గురుడి కక్ష్యలో చేరిన ఈ నౌక మేఘాలకు కొన్ని వేల కిలోమీటర్ల ఎత్తులో దూసుకెళ్ళినప్పుడు గురుత్వాకర్షణలోని అతి చిన్న తేడాలు దాని వేగాన్ని మారుస్తాయి. భూమికి చేరే రేడియో సంకేతంలో ఆ మార్పు పట్టుబడుతుంది. ఇక్కడొక చక్కని ఉపాయం ఉంది. భ్రమణం వల్ల ఉబ్బిన గ్రహం ఉత్తర దక్షిణాల్లో సమానంగా ఉంటుంది. గాలులు మాత్రం రెండు అర్ధగోళాల్లో ఒకేలా లేవు. కాబట్టి గురుత్వంలో ఉత్తర దక్షిణాలకు తేడా కనిపిస్తే, అది గాలులతో పాటు కదిలే ద్రవ్యం వల్లే. ఆ తేడా దొరికింది. 2018లో వెలువడిన విశ్లేషణల ప్రకారం జెట్‌లు సుమారు 3,000 కిలోమీటర్ల లోతు వరకు ఉన్నాయి. గురుడి మొత్తం ద్రవ్యరాశిలో అది దాదాపు ఒక శాతం. అంతకు కింద గ్రహమంతా ఒకే ముద్దలా తిరుగుతోంది.

శని దగ్గర కసీని తన చివరి నెలల్లో, 2017లో, వలయాలకూ గ్రహానికీ మధ్య దూరుతూ ఇలాంటి కొలతలే తీసింది. అక్కడి గాలుల లోతు సుమారు 9,000 కిలోమీటర్లు. చిన్న గ్రహం, మూడింతల లోతు.

ఈ తేడాలోనే బ్రేకు జాడ ఉంది. పీడనం పెరిగేకొద్దీ హైడ్రోజన్ అణువుల్లోని ఎలక్ట్రాన్లు వదులై విద్యుత్తు ప్రవహించడం మొదలవుతుంది. గురుడికి బలమైన అయస్కాంత క్షేత్రం ఉంది. విద్యుద్వాహక ద్రవం ఆ క్షేత్రాన్ని కోసుకుంటూ కదిలితే విద్యుత్ ప్రవాహాలు పుట్టి, ఆ కదలికనే ఎదిరిస్తాయి. శని బరువు గురుడి బరువులో మూడో వంతు కన్నా తక్కువ, కాబట్టి అక్కడ పీడనం నెమ్మదిగా పెరిగి, హైడ్రోజన్ వాహకంగా మారే లోతు ఇంకా కిందికి జరుగుతుంది. జున్‌జున్ లియు, పీటర్ గోల్డ్‌రైక్, డేవిడ్ స్టీవెన్సన్ 2008లోనే ఈ తర్కంతో గాలులు దిగగల గరిష్ఠ లోతును లెక్కగట్టారు. గురుడి వ్యాసార్ధంలో పైన 4 శాతం, శని వ్యాసార్ధంలో పైన 14 శాతం అన్నారు. కిలోమీటర్లలోకి మారిస్తే 2,900కు కాస్త తక్కువ, 8,400కు కాస్త ఎక్కువ. పదేళ్ళ తర్వాత నౌకలు తెచ్చిన అంకెల పక్కన వీటిని పెట్టి చూస్తే, గ్రహ విజ్ఞానంలో ఇంత చక్కగా ఫలించిన అంచనాలు అరుదు అనిపిస్తుంది.

మరి పాత వాదంలో గెలిచిందెవరు? జెట్‌ల లోతు విషయంలో బుస్సె వర్గానిదే పైచేయి. ఆ జెట్‌లకు శక్తి మేఘాల దగ్గరి సుడుల నుంచి అందుతోందా, లోపలి సంవహనం నుంచా అన్నది వేరే సంగతి. లోతైన గాలి ఉన్నంత మాత్రాన దాని ఇంజను కూడా లోతునే ఉందనడానికి లేదు. ఈ రెంటినీ కలగలిపి మాట్లాడటం వల్లే ఆ వాదం అంత కాలం సాగింది.

గాలి వేగం, దేనితో పోల్చి?

నేల లేకపోవడం వల్ల వచ్చే మరో చిక్కు పెద్దగా చర్చకు రాదు. గాలి వేగమంటే నేలతో పోల్చి చెప్పేది. నేలే లేనప్పుడు? లోపలి ముద్ద ఎంత వేగంగా తిరుగుతుందో ముందు తెలియాలి. గురుడి అయస్కాంత అక్షం భ్రమణాక్షానికి పది డిగ్రీల మేర వంగి ఉంది కాబట్టి అయస్కాంత క్షేత్రం ఊగే తీరును బట్టి ఆ సమయం కచ్చితంగా తెలుస్తుంది. శని అయస్కాంత అక్షం భ్రమణాక్షం మీదే దాదాపు అతికినట్టు ఉండటంతో ఊగిసలాట లేదు. వాయేజర్ల కాలంలో రేడియో సంకేతాల ఆధారంగా శని దినాన్ని 10 గంటల 39 నిమిషాలుగా అనుకున్నారు. చివరికి గ్రహం లోపలి కంపనాలు వలయాల్లో రేపిన అలలను చదివి, 2019లో 10 గంటల 33 నిమిషాల 38 సెకన్లుగా సవరించారు. ఆరు నిమిషాల లోపు తేడాయే. కానీ శని మధ్యరేఖ దగ్గర అది సెకనుకు 90 మీటర్ల గాలితో సమానం. పాత పుస్తకాల్లో గంటకు 1,700, 1,800 కిలోమీటర్లని రాసిన శని మధ్యరేఖ గాలి, ఒక్క మేఘం కూడా తన వేగం మార్చుకోకుండానే, గంటకు మూడు వందల కిలోమీటర్ల పైన తగ్గిపోయింది.

పెద్ద ఎర్రమచ్చ

గురుడి దక్షిణార్ధంలోని పెద్ద ఎర్రమచ్చను వార్తల్లో తుఫాను అని రాస్తుంటారు. కచ్చితంగా చెప్పాలంటే అది తుఫానుకు వ్యతిరేకం. బంగాళాఖాతపు తుఫాను నడిమధ్య అల్పపీడనం ఉంటుంది. ఎర్రమచ్చ అధిక పీడన కేంద్రం. దక్షిణార్ధంలో అల్పపీడన సుడులు సవ్య దిశలో తిరుగుతాయి, ఇది అపసవ్య దిశలో తిరగడమే అందుకు గుర్తు. దాని ఉత్తరపు అంచున పడమరకు, దక్షిణపు అంచున తూర్పుకు వీచే రెండు జెట్‌లు ఉన్నాయి. మచ్చ తిరిగే దిశ కూడా సరిగ్గా అదే. ఆ రెండు ప్రవాహాల నడుమ చిక్కుకుని, దారిలో తగిలిన చిన్న సుడులను మింగుతూ అది బతుకుతోంది.

1831 నుంచి దీన్ని వరుసగా గమనిస్తున్నారు. 1665 నుంచి 1713 వరకు ఖగోళవేత్త కసీని, ఆయన తర్వాతివారు చూసిన మచ్చ ఇదేనని చాలాకాలం అనుకున్నా, పాత చిత్రాలను, కొలతలను పరిశీలించిన 2024 నాటి అధ్యయనం ఆ రెండూ వేరువేరు కావచ్చని తేల్చింది. వయసు కనీసం 190 ఏళ్ళన్నమాట. పరిమాణం మాత్రం తరిగిపోతోంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో దాని పొడవు 40 వేల కిలోమీటర్లు. 1979లో వాయేజర్లు చూసినప్పుడు 23 వేలు. 2014లో హబుల్ కొలిస్తే 16,500. ఒకప్పుడు మూడు భూములు పట్టే చోట ఇప్పుడు ఒకటింబావు పడుతుంది. జూనో కొలతల ప్రకారం దాని లోతు 500 కిలోమీటర్లకు మించదు. చుట్టూ ఉన్న జెట్‌లు 3,000 కిలోమీటర్లు దిగుతుంటే, మచ్చ వాటి మధ్య తేలే పలుచని బిళ్ళలా ఉందన్నమాట. జెట్‌లకు లోతే ఆయుష్షు. మచ్చకు ఆయుష్షు ఆ జెట్‌ల నుంచి అప్పుగా దొరుకుతోంది.

నెప్ట్యూన్ దీనికి ఎదురు సాక్ష్యం. వాయేజర్-2 అక్కడ చూసిన పెద్ద నల్లమచ్చ భూమి అంత ఉండేది. 1994లో హబుల్ వెతికితే కనబడలేదు. తర్వాత వేరే మచ్చలు పుట్టాయి, కొన్నేళ్ళలో పోయాయి. నెప్ట్యూన్‌కు మధ్యరేఖ దగ్గర పడమరకు వీచే ఒక వెడల్పైన ప్రవాహం, రెండు వైపులా ఒక్కో తూర్పు ప్రవాహం తప్ప ఇరుకైన చారలు లేవు. సుడిని పట్టి ఉంచే గట్లు లేకపోవడంతో అది అక్షాంశాలు మారుతూ జారిపోయి చెదిరిపోతుంది. ఘర్షణ లేకపోవడం ఒక్కటే సుడికి దీర్ఘాయుష్షు ఇవ్వదని దీనితో తెలుస్తోంది.

బరువైన తేమ

భూమి మీద తేమగాలి పొడిగాలి కన్నా తేలిక. నీటి అణుభారం 18, గాలి సగటు 29. అందుకే తేమ నిండిన గాలి సులువుగా పైకి లేచి ఉరుముల మేఘమవుతుంది. హైడ్రోజన్ గ్రహాల్లో వాయువు సగటు అణుభారం రెండుకు కొంచెం ఎక్కువ. అక్కడ నీటి ఆవిరి ఇనుప గుండులాంటిది. తేమ నిండిన పొర కిందే కూరుకుపోయి ఉంటుంది. పై పొరలు బాగా చల్లబడి తగినంత బరువెక్కేదాకా అది లేవదు. లేచిందా, దశాబ్దాలుగా అణిగిన శక్తి ఒక్కసారిగా బయటపడుతుంది.

శని మీది మహా శ్వేత తుఫానులకు చెంగ్ లీ, ఆండ్రూ ఇంగర్‌సోల్ 2015లో ఇచ్చిన వివరణ ఇది. 1876, 1903, 1933, 1960, 1990, 2010లో అవి వచ్చాయి. మధ్య ఎడం చాలాసార్లు 27 నుంచి 30 ఏళ్ళు. 1933 నాటిదాన్ని ముందుగా చూసినవాడు విల్ హే అనే ఇంగ్లండు హాస్యనటుడు. వినోదానికి దుర్భిణి పట్టినవారు వృత్తి ఖగోళవేత్తల కన్నా ముందుండటం ఈ రంగంలో కొత్త కాదు. 2010 డిసెంబరు నాటి తుఫానును కసీని దగ్గరి నుంచి చూసింది. దాని మొన గ్రహమంతా చుట్టి వచ్చి తన తోకనే తాకింది. గురుడిలో ఇలాంటివి రాకపోవడానికి అక్కడ నీటి మోతాదు అంత లేకపోవడం కారణం కావచ్చని లీ, ఇంగర్‌సోల్‌ల లెక్క సూచిస్తుంది.

గురుడి మెరుపులు వేరే పాఠం చెబుతాయి. 1979లో వాయేజర్-1 వాటిని కనిపెట్టింది. అవి ధ్రువాల వైపే ఎక్కువనీ, మధ్యరేఖ దగ్గర దాదాపు లేవనీ 2018లో జూనో చూపింది. మన దగ్గర ఉరుములు ఉష్ణమండలానివి, ఎండ ఎక్కువున్న చోటివి. గురుడి మీద ఎండ చేసే పని తలకిందులు. మధ్యరేఖ దగ్గర పై పొరను వెచ్చగా ఉంచి, కింద నుంచి లేచే వాయువును అణిచి ఉంచుతుంది. ఆ మూత ధ్రువాల దగ్గర లేదు. లోపలి వేడి అక్కడ స్వేచ్ఛగా పైకి వస్తుంది. అక్కడి గట్టి తుఫానులు మంచు పలుకులను ఎంత ఎత్తుకు విసురుతాయంటే, అవి అమ్మోనియా ఆవిరిని పీల్చుకుని, నీరూ అమ్మోనియా కలిసిన మెత్తని వడగళ్ళుగా మారి చాలా లోతుకు పడతాయన్నది 2020లో జూనో బృందం ప్రతిపాదించిన వివరణ. మేఘాల కింద అమ్మోనియా అనుకున్న దానికన్నా ఎందుకు తక్కువుందో దీనితో అర్థమవుతుంది.

ధ్రువాల దగ్గరే మరో వింత. బంగాళాఖాతపు తుఫాను వాయవ్యానికి కదలడంలో పరిసర గాలుల పాత్ర ఎక్కువే అయినా, ధ్రువం వైపు జరిగే సహజ గుణం కూడా ఉంది. కోరియాలిస్ ప్రభావం అక్షాంశంతో మారడమే అందుకు కారణం. మన తుఫానులు ఆ ప్రయాణం పూర్తి చేయవు, నేలకో చల్లని నీటికో బలవుతాయి. గురుడి మీద పూర్తి చేస్తాయి. జూనో పరారుణ కెమెరాలో ఉత్తర ధ్రువం దగ్గర ఒక సుడి చుట్టూ ఎనిమిది, దక్షిణాన ఒకదాని చుట్టూ ఐదు సుడులు గుమిగూడి కనిపించాయి. ఒక్కొక్కటీ వేల కిలోమీటర్ల వెడల్పు. అన్నీ ఒకే దిశలో తిరుగుతూ, ఆనుకుని ఉండీ కలిసిపోవడం లేదు. ఒక్కో సుడి చుట్టూ ఎదురు దిశలో తిరిగే పలుచని కవచం ఉంటే ఇలా సాధ్యమని గణిత నమూనాలు చూపాయి. శని ధ్రువాల దగ్గర ఒక్కో సుడే ఉంది. దాని ఉత్తర సుడికి దూరంగా చుట్టూ తిరిగే జెట్ ప్రవాహం ఆరు పలకలుగా వంగి ఉంటుంది. ఒక్కో పలక భూమి వ్యాసం కన్నా పొడవు. వాయేజర్ చిత్రాల్లో దాన్ని డేవిడ్ గాడ్‌ఫ్రే 1988లో గుర్తించినప్పుడు నమ్మశక్యంగా లేకపోయినా, తిరిగే నీటితొట్టెలో అలాంటి బహుభుజులను ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పుట్టించి చూపారు.

యురేనస్ చెప్పే సాక్ష్యం

గాలిని తోసేదాని కన్నా ఆపేదే ముఖ్యమన్న మాటకు అసలు పరీక్ష యురేనస్. దాని పరిమాణం, కూర్పు నెప్ట్యూన్‌కు దగ్గర. లోపలి వేడి మాత్రం చాలా స్వల్పం. 1986 జనవరిలో వాయేజర్-2 కొలతలను బట్టి అసలు లేదేమోనన్నారు. 2025లో వచ్చిన కొత్త లెక్కలు కొంత ఉందని చెప్పినా, నెప్ట్యూన్‌తో పోలిస్తే అది చిన్న భాగమే. పైగా యురేనస్ 98 డిగ్రీలు ఒరిగి, పడుకుని దొర్లుతున్నట్టు తిరుగుతుంది. ఏడాదంతా లెక్కిస్తే దాని ధ్రువాలకే మధ్యరేఖ కన్నా ఎక్కువ ఎండ. వేడే గాలుల రూపాన్ని నిర్ణయించేదైతే ఈ రెండు గ్రహాల గాలులు పూర్తిగా వేరుగా ఉండాలి. అలా లేవు. రెండింటిలోనూ మధ్యరేఖ దగ్గర పడమరకు, పై అక్షాంశాల్లో తూర్పుకు వీచే గాలులే. యురేనస్ గాలుల వేగం తక్కువే, అయినా తూర్పు ప్రవాహం సెకనుకు 200 మీటర్లు దాటుతుంది. వేడి ఎటు నుంచి, ఎంత వచ్చినా భ్రమణం దాన్ని ఒకే అచ్చులో పోస్తోంది.

వీటిలో బ్రేకు ఎంత లోతున ఉంది? వాయేజర్-2 ఒక్కసారి పక్కగా వెళ్ళినప్పుడు దొరికిన గురుత్వ సమాచారం నుంచి 2013లో యోహై కాస్పి బృందం లెక్కగట్టింది. గాలులు సుమారు వెయ్యి కిలోమీటర్లకు మించి దిగవు. గురుడిలో హైడ్రోజన్ చేసే పనిని ఇక్కడ లోతుల్లో నీరు చేస్తూ ఉండవచ్చు. ఆ పీడనంలో నీటి అణువులు విడిపోయి విద్యుద్వాహకమవుతాయి. అదే నిజమైతే గాలులు ఆగే లోతూ, నీరు వాహకంగా మారే లోతూ గురుడు, శనిలో హైడ్రోజన్ విషయంలో సరిపోయినట్టే సరిపోవాలి. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు 2022లో రాబోయే దశాబ్దానికి మొదటి ప్రాధాన్య భారీ ప్రయోగంగా యురేనస్ చుట్టూ తిరిగే నౌకను సిఫార్సు చేశాయి. జూనో గురుడి దగ్గర చేసినట్టు అది గురుత్వాన్ని, అయస్కాంత క్షేత్రాన్ని దగ్గరి నుంచి కొలిస్తే ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.